పెద్ద జట్టుకే విజిల్ ఊదుతారా? 2002 ఆరో మ్యాచ్ చూశాక మనసు మండిపోతోంది

నక్కలగుట్ట_కింగ్స్
నేను కింగ్స్ అభిమానిని ఎలా అయ్యానో ముందు చెప్పాలి, లేకపోతే నా మంట మీకు అర్థం కాదు. 2019 అక్టోబరులో ముంబైలో ఇండియానా పేసర్స్, శాక్రమెంటో కింగ్స్ రెండు మ్యాచ్‌లు ఆడాయి. ఎన్‌బీఏ, అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ జట్లు మన దేశంలో ఆడడం అదే మొదటిసారి. రెండో మ్యాచ్‌కు మా బావ, నేను సికింద్రాబాద్‌లో రైలు మారి వెళ్లాం. కింగ్స్ 130-106తో చిత్తుగా ఓడింది. తిరుగు ప్రయాణంలో బావ పేసర్స్ టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. నేను మాత్రం ఓడినవాళ్ల పక్కనే ఉండిపోయాను. ఇది మా వంశంలోనే ఉంది, మా నాన్న కూడా డిపాజిట్ రాని అభ్యర్థులకే ఓటు వేసేవాడు.

పోయిన ఆదివారం పనేమీ లేక లాస్ ఏంజెలెస్ లేకర్స్‌తో కింగ్స్ ఆడిన 2002 పశ్చిమ విభాగం ఫైనల్ ఆరో మ్యాచ్ మొదటి నుంచి చివరి దాకా చూశాను. నాలుగు మ్యాచ్‌లు ముందు గెలిచినవాళ్లదే సిరీస్. అప్పటికి కింగ్స్ 3-2తో ముందుంది. ఇంకొక్కటి గెలిస్తే లీగ్ ఫైనల్స్‌కే. నాలుగో క్వార్టర్‌లోనే లేకర్స్‌కు 27 ఫ్రీ త్రోలు (ఎదుటివాళ్ల ఫౌల్‌కు బదులుగా ఇచ్చే షాట్లు) ఇచ్చారు. పన్నెండు నిమిషాల్లో 27! మొత్తం మ్యాచ్‌లో లేకర్స్‌కు 40, కింగ్స్‌కు 25. మావాళ్లు డివాచ్, పొలార్డ్ ఇద్దరూ ఆరేసి ఫౌళ్లతో ఆట నుంచి బయటికి పోయి బెంచీ ఎక్కారు. చివర్లో లేకర్స్ ఆటగాడు కోబీ మోచేయి మా బిబీ ముక్కు మీద తగిలితే కోబీ మీద విజిల్ లేదు. 106-102తో లేకర్స్ గెలిచింది.

ఇది తప్పా, కావాలని చేసిందా? ఇప్పటికీ పొద్దున్నే లేచి చూస్తుంటే పెద్ద జట్టు, పెద్ద ఆటగాడు అనగానే విజిల్ దానంతట అదే మోగుతున్నట్టు అనిపిస్తుంది. నాకొక్కడికేనా?

కాజీపేట_యార్డు
ఇన్నేళ్ల తర్వాత ఫిర్యాదు తీసుకోరు. రసీదు కూడా ఇవ్వరు.

ఓరుగల్లు_లేకర్స్
ఈ పాట ఇంటర్ చదివే రోజుల నుంచి వింటున్నాను. సరే, ఆరోది పక్కన పెట్టండి. ఏడో మ్యాచ్ ఎక్కడ జరిగింది? శాక్రమెంటోలో, కింగ్స్ సొంత కోర్టులో, సొంత జనం మధ్య. 30 ఫ్రీ త్రోలు వస్తే 16 వేశారు. మూడు పాయింట్ల షాట్లు 20 విసిరితే 2 పడ్డాయి. ఫ్రీ త్రో గీత దగ్గర మనిషికి అడ్డం ఎవరూ ఉండరు, చెయ్యి పట్టుకునేవాడు ఉండడు. ఆ పడని 14 కూడా రిఫరీయే ఊది బయటికి నెట్టాడా? అదనపు సమయంలో 112-106తో ఓడారు.

ఇక ఆరో మ్యాచ్‌లో మా షాక్, అదే షాకిల్ ఓనీల్, 41 పాయింట్లు, 17 రీబౌండ్లు (పడని షాట్ల బంతి అందుకోవడం). నూట నలభై కిలోల మనిషి రింగు కింద బంతి అందుకుంటే ఆపడానికి ఉన్న దారి ఒక్కటే, మీద పడడం. మీద పడితే ఫౌల్.

నక్కలగుట్ట_కింగ్స్
ఆరోది సరిగ్గా జరిగి ఉంటే ఏడోది ఉండేదే కాదు కదా. మొదటి పేపర్ వేరేవాడికి ఇచ్చేసి, రెండో పేపర్‌లో నువ్వెందుకు తప్పావని అడిగినట్టుంది మీ వాదన.

జమ్మికుంట_జంప్‌షాట్
పేపర్ల మాట ఎత్తకండి, కొందరికి పాత గాయాలు ఉంటాయి.

నైట్‌షిఫ్ట్_ఖని
నేను రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి మూడో క్వార్టర్ నడుస్తుంటుంది. టీ గ్లాసు ఒక చేతిలో, ఫోను ఇంకో చేతిలో. కాబట్టి నేను చూసే బాస్కెట్‌బాల్ అంతా చివరి క్వార్టరే, చివరి క్వార్టర్ అంతా విజిళ్లే.

డోనఘీ సంగతి ఎవరూ ఎత్తలేదేమిటి? టిమ్ డోనఘీ ఎన్‌బీఏ రిఫరీ. తాను ఊదే మ్యాచ్‌ల మీదే పందేలు కాశాడు, పందెంరాయుళ్లకు కబురు అందించి డబ్బు తీసుకున్నాడు. 2007లో రాజీనామా చేసి నేరం ఒప్పుకున్నాడు, 2008లో 15 నెలల జైలు పడింది. ఆ కేసు నడుస్తున్నప్పుడే అతని లాయరు కోర్టుకు ఇచ్చిన కాగితంలో ఈ ఆరో మ్యాచ్ ప్రస్తావన ఉంది. పేరు పెట్టి చెప్పలేదు కానీ వివరాలు ఇంకే మ్యాచ్‌కూ సరిపోవు. సిరీస్ ఏడో మ్యాచ్ దాకా సాగాలని ఇద్దరు రిఫరీలు లేకర్స్ వైపు ఊదారని ఆరోపణ.

ఓరుగల్లు_లేకర్స్
దొంగ చెప్పిన సాక్ష్యం. శిక్ష తగ్గించుకోవడానికి ఎవరి పేరైనా చెబుతాడు. ఆ మ్యాచ్‌లో అతను రిఫరీ కూడా కాదు.

నైట్‌షిఫ్ట్_ఖని
దొంగకే కదా ఇంటి గోడ ఎక్కడ బలహీనంగా ఉందో తెలిసేది. అయినా ఒప్పుకుంటాను, ఆ ఆరోపణ మీద ఇంకెవరి మీదా కేసు పడలేదు. ఎన్‌బీఏ పెట్టించుకున్న విచారణ నివేదిక కూడా 2008లో, తప్పు డోనఘీ ఒక్కడిదేనని తేల్చింది.

కాజీపేట_యార్డు
తమ మీద విచారణ తామే పెట్టించుకుంటే ఇంకేం తేలుతుంది.

మిర్చి_బస్తా
మీ ఆట నాకు సగమే అర్థమవుతుంది, మా అబ్బాయి చూస్తుంటే పక్కన కూర్చుంటాను. కానీ ఈ గొడవ నాకు బాగా తెలిసిన గొడవ. మిర్చి తీసుకుని మార్కెట్ యార్డుకు పోతే కాంటా దగ్గర ఏం జరుగుతుందో చెబుతాను. నలభై బస్తాలు తెచ్చిన ఆసామి సరుకు కాంటా ఎక్కితే ముల్లు ఆగే దాకా ఆగుతారు. ఒకసారి అటూ ఇటూ చూసి, ఇంకోసారి చూసి రాస్తారు. నాలుగు బస్తాల రైతు వంతు వచ్చినప్పుడు ముల్లు ఇంకా ఊగుతూనే ఉంటుంది, అంకె పుస్తకంలోకి ఎక్కిపోతుంది. కాంటా తూకంలో మోసం లేదు. ఎవరూ ఎవరికీ డబ్బు ఇచ్చింది లేదు. ఆసామి పక్కనే నిలబడి చూస్తుంటాడు, అంతే తేడా.

నక్కలగుట్ట_కింగ్స్
ఇది కదా నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది.

లెక్కల_పంతులు
మిర్చి_బస్తా గారి మాట బాగుంది కానీ, దాన్ని లెక్కలో పెట్టి చూడాలంటే మొదట ఒక చిక్కు విప్పాలి. ఫ్రీ త్రోల తేడా చూపించి పక్షపాతం అనడం కుదరదు. రోజంతా రింగు మీదికి దూసుకెళ్లే జట్టుకు ఎక్కువ ఫౌళ్లు వస్తాయి, దూరం నుంచి విసిరే జట్టుకు తక్కువ వస్తాయి. 40, 25 అన్న అంకెలు మాత్రమే ఇస్తే నేను ఏమీ తేల్చను, మార్కులు కూడా వేయను.

దీనికి ముగ్గురు ఆర్థికవేత్తలు, జోసెఫ్ ప్రైస్, మార్క్ రెమర్, డేనియల్ స్టోన్, ఒక చక్కటి ఉపాయం కనిపెట్టారు. వాళ్ల పత్రం 2012లో వచ్చింది. బంతి చేజారడం రెండు రకాలు. ట్రావెలింగ్ (బంతి నేలకు కొట్టకుండా అడుగులు వేయడం), అఫెన్సివ్ ఫౌల్ (బంతి ఉన్న జట్టు చేసే ఫౌల్) లాంటివి రిఫరీ ఊదితేనే ఉంటాయి, ఊదకపోతే లేవు. పాస్ ఇవ్వబోయి ఎదుటివాడి చేతిలో పెట్టడం అలా కాదు, అందులో రిఫరీ చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఒక జట్టు నిజంగా జాగ్రత్తగా ఆడుతుంటే రెండు రకాలూ తగ్గాలి. రిఫరీ చేతిలో ఉన్నవి మాత్రమే తగ్గి, రెండోవి తగ్గకపోతే అక్కడ మనిషి చెయ్యి ఉందన్నమాట.

వాళ్లకు తేలింది ఏమిటంటే, రిఫరీల మొగ్గు మూడు వైపుల ఉంది. సొంత కోర్టులో ఆడే జట్టుకు, ఆ మ్యాచ్‌లో వెనకబడిన జట్టుకు, ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ దశ) సిరీస్‌లో వెనకబడిన జట్టుకు. పెద్ద పేరున్న జట్టు అన్నది ఆ మూడింటిలో లేదు.

ఓరుగల్లు_లేకర్స్
ఇక తాళం వేసి ఇంటికి వెళ్లొచ్చు.

నక్కలగుట్ట_కింగ్స్
ఆగండి సార్. ఆరో మ్యాచ్ జరిగింది లాస్ ఏంజెలెస్‌లో. అంటే లేకర్స్ సొంత కోర్టు. సిరీస్‌లో 2-3తో వెనకబడింది కూడా లేకర్సే. మీరు చెప్పిన మూడింటిలో రెండు అక్కడే ఉన్నాయి!

లెక్కల_పంతులు
ఉన్నాయి. పక్షపాతం లేదని నేను అనలేదు కదా. లేకర్స్ అన్న పేరు చూసి ఊదారని చెప్పడానికి అది చాలదన్నాను. అదే పరిస్థితిలో, అదే ఊళ్లో కింగ్స్ ఉంటే వాళ్లకూ కొంత మొగ్గు దక్కేది.

జమ్మికుంట_జంప్‌షాట్
27 ఫ్రీ త్రోలంత మొగ్గా?

లెక్కల_పంతులు
ఆ ప్రశ్నకు నా దగ్గర లెక్క లేదు. 27 నాకూ ఎక్కువే అనిపిస్తుంది.

సుబేదారి_గార్డ్
ఇక్కడ అందరూ విజిల్ అందనివాళ్లే మాట్లాడుతున్నారు. నేను విజిల్ అందిన మనిషిని, నా మాట కూడా వినండి.

యూనివర్సిటీ జట్టులో నాలుగేళ్లు పాయింట్ గార్డ్‌ను, అంటే బంతి నడిపించేదాన్ని. మా చుట్టుపక్కల నాలుగు జిల్లాల్లో నా పేరు తెలియని రిఫరీ లేడు. మ్యాచ్‌కు ముందు వెళ్లి నమస్తే పెట్టేదాన్ని. విజిల్ పడగానే బంతి దొర్లిపోతే పరుగెత్తి తెచ్చి రెండు చేతులతో రిఫరీ చేతిలో పెట్టేదాన్ని. ఒక్కరోజు కూడా అరవలేదు. ఇది సంస్కారం అని మా అమ్మ అనుకునేది. సంస్కారం సగమే, మిగతా సగం పెట్టుబడి. డ్రైవ్ చేస్తూ ఎదుటి అమ్మాయి భుజానికి నా భుజం ఆనించి, ఆ క్షణంలోనే తల వెనక్కి విదిలించేదాన్ని. జడ ఎగిరేది. జడ ఎగిరితే చూసేవాళ్లకు దెబ్బ పెద్దగా కనిపిస్తుంది, ఈ రహస్యం మా సీనియర్ చెప్పింది. పదిసార్లలో ఆరేడుసార్లు ఫ్రీ త్రో గీత దగ్గర నేనే ఉండేదాన్ని.

మూడో ఏడు మోకాలు పట్టేసి ఒక సీజన్ ఆడలేదు. తిరిగొచ్చాక వేరే రాష్ట్రంలో టోర్నమెంటు. అక్కడ నేనెవరో ఎవరికీ తెలియదు. అదే భుజం, అదే జడ. ఒక్క విజిల్ లేదు. మొదటి సగం అయ్యేసరికి నాకు ఏడుపొచ్చింది, అన్యాయం జరుగుతోందని నిజంగానే నమ్మాను.

కాజీపేట_యార్డు
అక్కా, జడ కత్తిరించుకుని ఉంటారనుకుంటా.

సుబేదారి_గార్డ్
అదే ఏడాది కత్తిరించుకున్నాను. వేసవి వల్ల అని చెప్పాను ఇంట్లో.

నిట్_ఏడో_హాస్టల్
ఎన్‌బీఏలో దీన్ని ఆపడానికి 2021-22లో నిబంధన బిగించారు. షాట్ వేస్తున్నట్టు నటిస్తూ పక్కకు దూకి డిఫెండర్‌కు తగలడం, చెయ్యి కావాలని ఎదుటివాడి చేతిలో ఇరికించడం, వీటికి ఫౌల్ ఇవ్వొద్దన్నారు. హార్డెన్, ట్రే యంగ్ లాంటివాళ్లు ఆ సీజన్ మొదట్లో రిఫరీల వైపు తిరిగి చేతులు చాచని రోజు లేదు. అంటే పెద్ద ఆటగాళ్లనే కొట్టారు. పక్షపాతమే పద్ధతి అయితే ఆ నిబంధన ఎందుకు తెస్తారు?

నక్కలగుట్ట_కింగ్స్
అంతకుముందు ఏళ్ల తరబడి ఇచ్చారు కాబట్టి తెచ్చారు తమ్ముడూ. 2006 ఫైనల్స్ చూడు. మయామీ, డల్లస్. ఆరు మ్యాచ్‌ల్లో మయామీ ఆటగాడు వేడ్ ఒక్కడికే 97 ఫ్రీ త్రోలు. అయిదో మ్యాచ్‌లో అతనికి 25, డల్లస్ జట్టు మొత్తానికి కలిపి 25. మయామీ గెలిచింది ఎంత తేడాతో? ఒక్క పాయింటు, 101-100.

ఓరుగల్లు_లేకర్స్
మరి నా జట్టు సంగతి కూడా వినండి. 2023 జనవరి, బోస్టన్‌లో సెల్టిక్స్‌తో. మనకు ఆదివారం పొద్దున. స్కోరు సమానంగా ఉంది, చివరి క్షణం, మా లెబ్రాన్ లేఅప్‌కు, అంటే రింగు దగ్గరి షాట్‌కు లేచాడు. సెల్టిక్స్ ఆటగాడు టేటమ్ అతని చేతిమీద కొట్టాడు. కొట్టిన చప్పుడు నాకు హంటర్ రోడ్డులో వినిపించింది. విజిల్ లేదు. లెబ్రాన్ నేల మీద మోకాళ్లు వేసి తల పట్టుకున్నాడు. మా బెవర్లీ ఒక ఫొటోగ్రాఫర్ దగ్గర కెమెరా తీసుకుని పోయి రిఫరీకి చూపించబోతే అతనికే టెక్నికల్ ఫౌల్ (ప్రవర్తనకు వేసే ఫౌల్) వేశారు! అదనపు సమయంలో 125-121తో ఓడిపోయాం. తర్వాత రిఫరీల సంఘమే తప్పు జరిగిందని ఒప్పుకుంది. లెబ్రాన్ కంటే పెద్ద ఆటగాడు, లేకర్స్ కంటే పెద్ద జట్టు ఉన్నాయా? అప్పుడు మీ సిద్ధాంతం ఎక్కడికి పోయింది?

కాజీపేట_యార్డు
సెల్టిక్స్ కూడా పెద్ద జట్టే కదా. ఇద్దరు జమీందార్లు కొట్టుకుంటే మధ్యలో మనమెందుకు.

జమ్మికుంట_జంప్‌షాట్
బెవర్లీ కెమెరా పట్టుకొచ్చిన దృశ్యం నేను రోజుకు ఒకసారి చూస్తాను. రక్తపోటుకు మంచిది.

నక్కలగుట్ట_కింగ్స్
2025 ఏప్రిల్‌లో డెట్రాయిట్ జట్టు సొంత ఊళ్లో న్యూయార్క్ నిక్స్‌తో ఆడిన ప్లేఆఫ్స్ నాలుగో మ్యాచ్ కూడా చెప్పుకోండి మరి. 94-93తో నిక్స్ గెలిచింది. చివరి షాట్‌కు డెట్రాయిట్ ఆటగాడు హార్డవే మూలనుంచి లేచాడు, నిక్స్ ఆటగాడు హార్ట్ అతని మీద పడ్డాడు, విజిల్ లేదు. మ్యాచ్ అయ్యాక చీఫ్ రిఫరీ అది ఫౌలే, ఊదాల్సిందని ఒప్పుకున్నాడు. లాభం ఎవరికి? న్యూయార్క్‌కు.

లెక్కల_పంతులు
మీ ఇద్దరి కథల్లోనూ ఒకటే పోలిక ఉంది, గమనించండి. రెండూ ఊదని విజిళ్లే. 2015 మార్చి నుంచి ఎన్‌బీఏ హోరాహోరీ మ్యాచ్‌ల చివరి రెండు నిమిషాల మీద నివేదిక బయట పెడుతోంది, ప్రతి విజిల్ సరైనదా కాదా అని. వాటిలో బయటపడే తప్పుల్లో ఎక్కువ ఊదాల్సి ఉండీ ఊదనివే. చివరి క్షణంలో రిఫరీ విజిల్ మింగేస్తాడు. అక్కడ పెద్ద పేరు కూడా కాపాడదు.

రింగు_రోడ్డు
క్రికెట్‌లో మాత్రం తక్కువా? 2008 సిడ్నీ టెస్టు గుర్తుందా, మన జట్టుకు వ్యతిరేకంగా అంపైర్ బక్నర్ ఇచ్చిన నిర్ణయాలు. తర్వాతి పెర్త్ టెస్టుకు ఆయన్ను పక్కన పెట్టారు.

జమ్మికుంట_జంప్‌షాట్
సైమండ్స్ బ్యాటుకు తగిలిన చప్పుడు మా వీధి చివర టీ కొట్టులో కూడా వినిపించింది. అప్పటి నుంచి మా మామ స్టీవ్ బక్నర్ పేరు వింటే

పర్యవేక్షకుడు_హన్మకొండ
క్రికెట్‌కు వేరే గది ఉంది. మామ కథ అక్కడ పూర్తి చేయండి.

పాత_విజిల్
రెండు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆగాను. నేను పీఈటీగా చేసి రిటైరయ్యాను. ఇరవై ఏళ్లకు పైగా బాస్కెట్‌బాల్ రిఫరీగా ఉన్నాను, జిల్లా స్థాయి నుంచి రాష్ట్ర స్థాయి దాకా.

తొంభైల మొదట్లో మాట. ఒక ఆహ్వాన టోర్నమెంటు ఫైనల్. అప్పట్లో సిమెంటు కోర్టు అన్నిచోట్లా లేదు, అది ఎర్రమట్టి కోర్టు, పొద్దున్నే సున్నంతో గీతలు గీసేవాళ్లం, సాయంత్రానికి సగం చెరిగిపోయేవి. ఒకవైపు ఒక పెద్ద సంస్థ జట్టు. వాళ్ల సెంటర్, అంటే రింగు కింద ఆడే పొడుగాటి ఆటగాడి ఫొటో అంతకు రెండు రోజుల ముందే పేపర్లో పడింది. ఇంకోవైపు మన పక్క ఊరి పిల్లలు, ఇద్దరికి బూట్లు కూడా అరువువే. ఆ రోజు జనం వెయ్యి మంది ఉంటారు, అందరూ ఆ సెంటర్‌ను చూడడానికి వచ్చినవాళ్లే. రిఫరీలం ఇద్దరం.

రెండు నిమిషాలు మిగిలి ఉన్నాయి. పిల్లలు ఒక పాయింటు ముందున్నారు. ఆ సెంటర్ బంతి తీసుకుని రింగు వైపు తిరిగాడు. ఎదురుగా ఆరో నంబరు కుర్రవాడు. నేను రింగు వెనక గీత మీద ఉన్నాను, పది అడుగుల దూరం. సెంటర్ పడ్డాడు. నేను ఊదాను. చెయ్యి పిడికిలి బిగించి పైకెత్తాను. అప్పుడు చూశాను. మాట సరిగ్గా చదవండి, ఊదిన తర్వాత చూశాను. కుర్రవాడి రెండు చేతులూ నిటారుగా ఆకాశంలోకి ఉన్నాయి. మడమలు గీత మీద పాతినట్టున్నాయి, కాన్వాసు బూటు వెనక భాగం నిండా సున్నం అంటుకుని ఉంది. కదిలి ఉంటే ఆ సున్నం చెదిరేది. చెదరలేదు. వాడు కదలలేదు, వచ్చి ఢీకొట్టింది సెంటరే.

అది వాడికి అయిదో ఫౌల్. మన నిబంధనల్లో అయిదుకే బయటికి, ఎన్‌బీఏలా ఆరు కాదు. స్కోరర్ కాగితం మీద వాడి పేరు ఎదురుగా చివరి గడి నింపాడు. వాడు నన్ను ఏమీ అనలేదు. బెంచీ మీద కూర్చుని బూటు విప్పి, తలకిందులు చేసి, లోపలి మట్టి దులుపుకున్నాడు. సెంటర్ రెండు ఫ్రీ త్రోలూ వేశాడు. పిల్లలు మూడు పాయింట్లతో ఓడారు.

నాకు ఎవరూ డబ్బు ఇవ్వలేదు. ఆ సంస్థ నాకు చుట్టం కాదు. నా రోజు భత్యం వంద రూపాయల లోపే. గొప్ప సెంటర్ రింగు దగ్గర పడ్డాడంటే ఎవరో తోసి ఉంటారని నా ఊపిరి నా కంటికంటే ముందే తీర్పు చెప్పేసింది.

సాయంత్రం నీళ్ల డ్రమ్ము దగ్గర ఆ సెంటర్ కలిశాడు. గ్లాసు నాకు అందిస్తూ, “మీరు ఊదకపోయినా నేనేమీ అనేవాణ్ణి కాదు సార్” అన్నాడు.

నక్కలగుట్ట_కింగ్స్
సార్, దీని తర్వాత నాకు రాయడానికి ఏమీ తోచడం లేదు.

జమ్మికుంట_జంప్‌షాట్
ఆ ఆరో నంబరు నేనే అయ్యుంటానేమో సార్.

కాజీపేట_యార్డు
నువ్వు పుట్టింది 2001లో. ఆ రోజు నువ్వు బెంచీ మీద కూడా లేవు.

ఓరుగల్లు_లేకర్స్
పాత_విజిల్ సార్, ఒక సందేహం. మీకు ఉన్నది ఇద్దరు రిఫరీలు. ఎన్‌బీఏలో 1988-89 నుంచి ముగ్గురు. వీడియో కేంద్రం వేరే ఉంది, 2019-20 నుంచి కోచ్‌కు సవాలు చేసే హక్కు కూడా ఇచ్చారు. అన్నేసి కళ్లు ఉన్నప్పుడు మీకు జరిగింది వాళ్లకూ జరుగుతుందా?

పాత_విజిల్
తక్కువ జరుగుతుంది. ముగ్గురిలో ఒకరు రింగు కింద, ఒకరు పక్కన, ఒకరు వెనక ఉంటారు, కాబట్టి ఎవరో ఒకరికి మధ్య ఖాళీ కనిపిస్తుంది. ఇద్దరుంటే ఒక వైపు ఎప్పుడూ చీకటే. కానీ మూడు జతల కళ్లు ఉన్నా ఊపిరి ఒక్కటే పని చేస్తుంది. నేను ఆ తర్వాత పదేళ్లు ఒక పని నేర్చుకున్నాను. విజిల్ పళ్ల మధ్య గట్టిగా పట్టుకోవడం మానేశాను, పెదవుల మీద వదులుగా పెట్టుకునేవాణ్ణి. తాకిడి మొదలు, నడుమ, చివర, మూడూ చూశాకే పళ్లు బిగించాలి. అర సెకను ఆలస్యమవుతుంది. ఆ అర సెకనుకు జనం తిడతారు, “నిద్రపోతున్నావా” అని. తిట్టనీ.

ఇంకొకటి. బంతిని చూస్తే మోసపోతారు. డిఫెండర్‌ను చూడాలి. వాడు తప్పు చేశాడా లేదా అన్నదొక్కటే ప్రశ్న, పడినవాడు ఎవరన్నది ప్రశ్న కాదు. టీవీలో కెమెరా ఎప్పుడూ బంతి వెంటే, గొప్పవాడి వెంటే పోతుంది, మీ కన్ను కూడా అక్కడికే పోతుంది.

నైట్‌షిఫ్ట్_ఖని
అందుకే 2018 పశ్చిమ విభాగం ఫైనల్ ఏడో మ్యాచ్ ఓడిన తర్వాత హ్యూస్టన్ రాకెట్స్‌వాళ్లు రిఫరీల తప్పులన్నీ లెక్కగట్టి ఎన్‌బీఏకు పంపారు. వాళ్ల లెక్క ప్రకారం టైటిల్ పోయిందే రిఫరీల వల్ల. అదే మ్యాచ్‌లో రాకెట్స్ వరుసగా 27 మూడు పాయింట్ల షాట్లు తప్పారన్నది ఆ లెక్కలో ఏ గడిలో రాశారో మరి.

లెక్కల_పంతులు
27 అన్న అంకెకు ఈ చర్చలో మంచి రోజులు లేవు.

నిట్_ఏడో_హాస్టల్
పెద్ద ఊరి జట్టుకే అంతా దక్కుతుంటే శాన్ ఆంటోనియో 1999 నుంచి 2014 మధ్య అయిదు టైటిళ్లు ఎలా గెలిచింది? 2021 మిల్వాకీ, 2023 డెన్వర్, 2025 ఓక్లహోమా. న్యూయార్క్ 1973 తర్వాత యాభై ఏళ్లకు పైగా ఎదురు చూసింది. ఊరి పేరు చూసి ఊదే పథకమే ఉంటే ఇంత చేతకాని పథకం ఇంకెక్కడా ఉండదు.

సుబేదారి_గార్డ్
ఊరు కాదు తమ్ముడూ, మనిషి. ఓక్లహోమా చిన్న ఊరే, మరి షాయ్ గిల్జియస్ అలెగ్జాండర్‌కు విజిళ్లు ఎక్కువని 2025లో ఎంత గోల జరిగింది? చిన్న ఊళ్లోనైనా పేరున్న మనిషికి ఆ ‘నమస్తే’ దక్కుతుంది. నాకు దక్కినట్టే. అయితే ఒక మాట, అతను నిజంగానే అందరికంటే ఎక్కువగా లోపలికి దూసుకుపోతాడు. నేను కూడా పోయేదాన్ని. ఎంత భాగం పని, ఎంత భాగం పేరు అన్నది నాకే తెలియదు.

మిర్చి_బస్తా
కాంటా ముల్లు ఆగేదాకా ఆగమని చెప్పడానికి మీ ఆటలో వీడియో పెట్టారు, బాగానే ఉంది. మా దగ్గర కూడా ఎలక్ట్రానిక్ కాంటా వచ్చింది. అంకె ఎర్రగా వెలుగుతుంది. ఇప్పుడు ఆ అంకెకు అడ్డంగా నిలబడుతున్నారు.

కాజీపేట_యార్డు
ఈ చర్చకు వచ్చిన అత్యుత్తమ సమాధానం బాస్కెట్‌బాల్ ఆడని మనిషి నుంచి వచ్చింది.

లెక్కల_పంతులు
చూస్తున్నారని తెలిస్తే మారతారన్నదానికి ఒక రుజువు ఉంది. రిఫరీల జాతి, ఆటగాళ్ల జాతి ఒకటి కాకపోతే ఫౌళ్ల సంఖ్యలో చిన్న తేడా ఉందని ప్రైస్, వోల్ఫర్స్ అనేవాళ్లు చూపించారు. 2007లో పత్రికలన్నీ ఆ సంగతి రాశాయి. ఆ తర్వాతి ఏళ్ల లెక్కలు తీస్తే తేడా కనబడలేదు. రిఫరీలను ఎవరూ శిక్షించలేదు, పాఠమూ చెప్పలేదు. విషయం బయటపడింది, అంతే.

నక్కలగుట్ట_కింగ్స్
పాత_విజిల్ సార్ చెప్పిన పద్ధతిలో నిన్న రాత్రి ఆరో మ్యాచ్ నాలుగో క్వార్టర్ మళ్లీ చూశాను. టీవీ మూగగా పెట్టి, బంతిని వదిలేసి, డిఫెండర్ కాళ్లు, చేతులు మాత్రమే. ప్రతి విజిల్ దగ్గర ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ. రెండు గంటలు పట్టింది. మా ఆవిడ వచ్చి, టీవీలో మాట ఎందుకు రావడం లేదని అడిగి, నా ముఖం చూసి వెళ్లిపోయింది.

నిజం చెబుతున్నాను. మొదటిసారి దొంగ విజిల్ అనుకున్నవాటిలో కొన్ని ఫౌళ్లే. మావాళ్లు షాక్ మీద పడి నడుము పట్టుకున్నారు. కానీ పొలార్డ్ ఆరో ఫౌల్ దగ్గర ఎన్నిసార్లు వెనక్కి జరిపినా అతని చెయ్యి షాక్‌కు తగలడం నాకు కనిపించలేదు.

ఓరుగల్లు_లేకర్స్
పొద్దున్నే లేచి నేనూ అదొక్కటే చూశాను.

తగల్లేదు.

కాజీపేట_యార్డు
తేదీ రాసి పెట్టుకోండి. లేకర్స్ అభిమాని ఒప్పుకున్నాడు.

ఓరుగల్లు_లేకర్స్
ఆ ఒక్కటి మాత్రమే. ఏడో మ్యాచ్ ఫ్రీ త్రోలు నేనింకా మరిచిపోలేదు.

పాత_విజిల్
పొలార్డ్‌ది నేనూ చూశాను, మనవడు ఫోనులో పెట్టి చూపించాడు. అక్కడ నేనుంటే నేనూ ఊదేవాణ్ణి.

నక్కలగుట్ట_కింగ్స్
ఎందుకు సార్? తగల్లేదని ఇప్పుడే అందరం ఒప్పుకున్నాం కదా.

పాత_విజిల్
మీరు వెనక్కి జరిపి చూశారు. నాకు నాలుగోసారి చూసే వీలు లేదు. పైగా ఎదురుగా షాక్, చుట్టూ అతని జనం.

నైట్‌షిఫ్ట్_ఖని
ఏడో మ్యాచ్ ఎప్పుడు చూస్తున్నారు కింగ్స్ అన్నా? నాకు శనివారం సెలవు.

నక్కలగుట్ట_కింగ్స్
మూడు క్వార్టర్ల దాకా చూస్తాను. ఫ్రీ త్రోలు వచ్చినప్పుడు వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగి వస్తాను.

కాజీపేట_యార్డు
ముప్పై గ్లాసులు. కుండ నిండుగా పెట్టుకోండి.